అచ్చు బల్ల మీద బడి

మచిలీపట్నం,
జూన్ 19.

రాజ్యలక్ష్మి అత్తకి,

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు. వినపడిన సగం నువ్వు వినవు. అందుకని రాస్తున్నాను. నీతో పోట్లాడాలంటే నాకు కాగితమే గతి.

అక్షితని బడి మానిపించాను. ఎవరో ఒకరు నాగాయలంక దాకా మోసేలోపు నా నోటితో నేనే చెప్తున్నాను. మొన్న సోమవారం ప్రార్థన దగ్గర వాళ్ళ మేడం దాన్ని అందరి ముందూ నిలబెట్టి చేతులు పైకెత్తించింది. "చూడండి పిల్లలూ, శుభ్రత లేకపోతే ఇలా ఉంటుంది" అందట. నాలుగో తరగతి పిల్లని! గోళ్ళ సందుల్లో నలుపు ఉందట. అది మురికి కాదత్తా. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ కలిపి మూడు వారాలు ఊరబెట్టిన రంగు. గుడ్డ మీద ఒక జీవితకాలం ఉండే రంగు పిల్ల గోళ్ళలో నాలుగు రోజులు ఉండదా? ఆదివారం సరదాకి కుండలో చెయ్యి పెట్టింది. అంతే.

అచ్చు బల్ల దగ్గర్నుంచి అట్లాగే బడికి వెళ్ళాను, మోచేతుల దాకా రంగుతో. వెళ్తే ఏముంది, మేడంగారు కలంకారీ జాకెట్టు తొడుక్కుని కూర్చున్నారు.

"మీ వీపు మీద నెమలిని ఎవరు కొట్టారనుకుంటున్నారండీ? మిషనా?" అన్నాను.

"మీరు బయటికి వెళ్ళి మాట్లాడండి" అంది.

"బయటికే వెళ్తున్నాం. ఇద్దరం" అన్నాను.

ఇక మా షెడ్డే దానికి బడి. నవ్వకు. కరక్కాయ పొడి ఎంత, నీళ్ళెంత అన్నది లెక్క. పటిక అద్దిన చోటే ఎరుపు ఎందుకు పట్టుకుంటుంది, పక్కన ఎందుకు పట్టుకోదు అన్నది సైన్సు. పొద్దున రెండు గంటలు పుస్తకం. తర్వాత నా పక్కన కూర్చుని పని చూస్తుంది. పద్నాలుగేళ్ళు నిండగానే ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టిస్తాను. విక్రమ్ సరే అన్నాడు. వారంలో ఆరు రోజులు బంటుమిల్లి రొయ్యల చెరువుల గట్టున ఉండే మొగుడు సరే అనక ఏమంటాడు?

నువ్వేం చదివావని పిల్లకి చెప్తావంటావు. పది ఫెయిలు, నీకు తెలియంది కాదు. అచ్చు పట్టుకోవడం నాకెవరూ నేర్పలేదు. పక్క షెడ్డు కిటికీలోంచి చూసి నేర్చుకున్నాను. ఇవాళ నా షెడ్డు నాది. కాబట్టి తిట్టేముందు కాస్త చూసుకుని తిట్టు.

భవిత

—

నాగాయలంక,
జూన్ 27.

చిరంజీవి భవితకి,

నీ ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. కోపంలో దొర్లినవి ఆరు, రాక రాసినవి ఐదు. ఎర్ర గీతలు పెట్టి వెనక్కి పంపుతున్నాను.

ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పాను. అందులో పన్నెండేళ్ళు హెడ్మిస్ట్రెస్‌ని. ఆ మేడం చేసింది తప్పు. నా బడిలో అయితే సాయంత్రంలోగా మెమో చేతిలో పెట్టేదాన్ని. కానీ ఆవిడ మీద కోపం నువ్వు పిల్ల చదువు మీద తీర్చుకుంటున్నావు. ఆ షెడ్డు నీకు పని చేసుకునే చోటు. పిల్ల చదువుకునే చోటు ఎట్లా అవుతుంది? గుడివాడలో మంచి హాస్టలు బడి ఒకటి ఉంది. యాజమాన్యం తెలిసినవాళ్ళే. ఒక్క మాట చెప్తే సీటిస్తారు.

వద్దంటావు. నువ్వు వద్దనకపోతే నాకు అనుమానం వస్తుంది. అందుకని ఒక షరతు. నెలకో ప్రశ్నాపత్రం పంపిస్తాను. తెలుగు, లెక్కలు, సైన్సు కలిపి యాభై మార్కులు. పిల్ల ఒక్కతే కూర్చుని తన చేత్తో రాయాలి. నువ్వు ఆ ఛాయల్లో ఉండకూడదు. పేపరు పాడైందా, నేను బస్సెక్కి వచ్చి దాన్ని తీసుకుపోతాను. నాకు పోయినవి చెవులే, కాళ్ళు కాదు.

ఆశీస్సులతో,
రాజ్యలక్ష్మి

—

మచిలీపట్నం,
ఆగస్టు 11.

అత్తా,

ఎర్ర గీతలు నీ దగ్గరే దాచుకో. నాకొద్దు.

రెండో పేపరు ఈ కవరులో ఉంది. ద్రావణం అంటే ఏమిటి, ఒక ఉదాహరణ రాయమన్నావు. రెండు పేజీలు రాసింది. కరక్కాయ నీళ్ళలో గుడ్డ ముంచితే పసుపెందుకు తిరుగుతుందో, ఆ గుడ్డ మీద నల్ల రంగు పడగానే ఎందుకు చిక్కబడుతుందో అంతా రాసింది. మీ గుడివాడ హాస్టల్లో ఏ పిల్లైనా రాయగలదేమో రాయించు, చూద్దాం.

నా రోజు ఎట్లా ఉందంటావా? నాలుగున్నరకి లేస్తాను. అన్నం వార్చి, కూర పడేసి, గుడ్డల మూట కాలవ దగ్గరికి. పారే నీళ్ళలో జాడించుకొచ్చేసరికి అక్షిత లేస్తుంది. దానికి జడేస్తూ ఎక్కం చెప్పిస్తాను. ఎనిమిదికి మేరీ, శాంతి పనిలోకి వస్తారు. ఒకపక్క వాళ్ళకి రంగు కలపాలి, ఒకపక్క దీనికి తీసివేతలు చూడాలి, మధ్యలో గ్యాసు బండ వాడు, కరెంటు వాడు. పొయ్యి మీద ఎరుపు కోసం మంజిష్ఠ వేరు ఉడుకుతుంటే పక్క పొయ్యి మీద పప్పు మాడుతుంది.

పోయిన నెల హైదరాబాదు నుంచి ఒకావిడ వచ్చింది వీడియో తీసుకోవడానికి. "ఎంత అందమైన జీవితమండీ మీది, ఇంట్లోనే పని, పాప పక్కనే, బడి ఒత్తిడి లేదు" అంది. నాలుగు గంటలు నిలబడి అచ్చు కొట్టి నా నడుం పట్టేసి ఉంది. అక్షిత చేతికి ఒక చిన్న అచ్చు ఇచ్చి బల్ల దగ్గర నిలబెట్టి ఫోటోలు తీసింది. నాతో ఏమందో తెలుసా? "మీరు కొంచెం పక్కకి జరగండి, ఫ్రేములోకి వస్తున్నారు." నా షెడ్డులో నేను అడ్డమట!

కానీ ఆ ఫోటో చూసే బెంగుళూరు షాపు వాళ్ళు రెండు వందల చున్నీలు అడిగారు. అక్టోబరు ఆఖరికి ఇవ్వాలి. ఇంత పెద్ద పని నాకెప్పుడూ రాలేదు. చేసి చూపిస్తాను. వాళ్ళకే కాదు, నీకూ.

భవిత

—

నాగాయలంక,
సెప్టెంబరు 3.

చి. భవితకి,

యాభైకి నలభై నాలుగు. ద్రావణం జవాబుకి పూర్తి మార్కులిచ్చాను. నా సర్వీసులో అట్లాంటి జవాబు చదవలేదు. ఇది పొగడ్తే. గొడవ పడకుండా తీసుకో.

పక్కింటమ్మాయి నవ్యశ్రీ తన ఫోన్లో నాకు ఆ ఫోటో చూపించింది. లోకమంతా చూసినట్టుంది, నేనే ఆఖరు. అక్షిత బాగుంది. అయితే దాని చెయ్యి చూశాను. సరదాకి అచ్చు పట్టుకున్న పిల్ల వేళ్ళన్నీ బిగించి పట్టుకుంటుంది. ఇది రెండు వేళ్ళు వదిలి పట్టుకుంది. అలవాటున్న చెయ్యి అది.

పని చూస్తుందని రాశావు. చేస్తుందని రాయలేదు. ఏది నిజం?

రాజ్యలక్ష్మి

—

మచిలీపట్నం,
అక్టోబరు 9.

అత్తా,

ఫోటో గురించి అడిగావు. ఫోటోలో ఏముంటుంది, పోజు. ఫోటో చూసి జాతకం చెప్పకు.

ఆలస్యమైందని తిట్టకు. నా కష్టం నాది. మేరీ మానేసింది. రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్ళిపోయింది. బస్సు పంపిస్తారట, కూర్చుని చేసే పనట. వెళ్ళొద్దని ఎట్లా అంటాను? నేనే ఆవిడనైతే వెళ్ళనా?

అంతకంటే పెద్దది ఇంకోటి జరిగింది. కాలవకి నీళ్ళు వంతుల మీద వదులుతున్నారు. మా వంతు ఇంకా మూడు రోజులుంది. బెంగుళూరు ఆవిడ రోజూ ఫోను. ఆగలేక ఎనభై చున్నీలు మూటగట్టుకుని ఊరి చివర డ్రైను దగ్గరికి తీసుకెళ్ళాను. మా పనిలో ఒక పద్ధతుంది. ఎవరూ పుస్తకంలో రాయలేదు గానీ అందరికీ తెలుసు. గుడ్డ ముంచే ముందు చుక్క నీళ్ళు నాలిక మీద వేసుకోవాలి. ఉప్పగా ఉంటే సముద్రం పోటు లోపలికి ఎక్కిందని లెక్క. ఇక గుడ్డ ముంచకూడదు. శాంతి గట్టు మీంచి అరిచింది, "అక్కా, నాలిక మీద వేసుకున్నావా?" అని. వేసుకున్నానన్నాను. వేసుకోలేదు. తొందర.

ఉడకబెట్టి తీస్తే ఎరుపు చచ్చిపోయింది. ఎనభైకి ఎనభై ఎండిన నెత్తురు రంగు. షెడ్డు వెనక కూర్చుని నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో నీకు రాయను. రాస్తే వాటికీ ఎర్ర గీతలు పెడతావు.

మొదట్నుంచీ మళ్ళీ కొడుతున్నాం. పేపరు ఇందులో పెట్టాను. దిద్దుకో. ఉత్తరాలు రాసే తీరిక నాకు లేదు.

భవిత

—

నాగాయలంక,
అక్టోబరు 17.

భవితా,

ఈ పేపరు ఎడమచేత్తో రాసింది.

కాదని అబద్ధం రాయకు. అక్షరాలు వెనక్కి వాలాయి. రాసిన మాట మీదుగా చెయ్యి పాకి పెన్సిలు గీత ప్రతి వరసలోనూ కుడివైపుకి పూసుకుపోయింది. చెయ్యి విరిగి కట్టుతో బడికొచ్చిన పిల్లల్ని నేను చాలామందిని చూశాను. అందరూ ఇట్లాగే రాస్తారు. ద్రావణానికి రెండు పేజీలు రాసిన పిల్ల ఈసారి ప్రతి జవాబూ ఒక్క ముక్కలో తేల్చింది. లెక్కలు మాత్రం అన్నీ ఒప్పే. అందుకే నాకు భయం వేసింది. చదువు రాక పేపరు పాడైతే నేర్పుకోవచ్చు.

దాని కుడిచేతికి ఏమైంది?

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. దాని బట్టలు సర్ది పెట్టు.

రాజ్యలక్ష్మి

—

గుడివాడ,
అక్టోబరు 24.

రాజ్యలక్ష్మి గారికి,

ఆదివారం వచ్చి తాళం చూసి వెళ్ళారని శాంతి చెప్పింది. మేము గుడివాడలో ఉన్నాం, విక్రమ్ వాళ్ళ పిన్నిగారింట్లో. ఇప్పుడు ఎముకల డాక్టరు గుమ్మంలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. మా బందర్లో చూపిస్తే పేటంతా తెలిసిపోతుందని ఇక్కడిదాకా తెచ్చాను. అదీ నా ధైర్యం.

ఎముక విరగలేదట. మణికట్టులో నరం వాచింది. మూడు వారాలు కట్టు. "పాప ఏం ఆట ఆడుతుందమ్మా?" అన్నాడు డాక్టరు. అది నా మొహం చూసింది. నేనేం చెప్తే అదే చెప్దామని చూసింది. తొమ్మిదేళ్ళ పిల్ల!

వినండి. అడిగారుగా. జూన్ ఆఖర్నుంచి కొడుతోంది. చిన్న అచ్చు, పువ్వు మధ్యలో చుక్క పెట్టేది. మొదట్లో రోజుకో గంట. మేరీ వెళ్ళాక పొద్దుటి పుస్తకం రెండు గంటలూ పోయాయి. ఎనభై చున్నీలు నాశనం చేశాక పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా. నేనే అడిగాను. "ఈ ఒక్కటీ అమ్మా" అన్నాను. ప్రతిసారీ ఆ ఒక్కటే. అది ఒక్కసారీ కాదనలేదు. నొప్పిగా ఉందంటే నేనేం చేశానో తెలుసా? "అరచేత్తో కాదే, పిడికిలి పక్కతో కొట్టు" అని చూపించాను. పిల్ల నొప్పంటే నేను పని నేర్పాను. దానికి చదువని పేరు పెట్టాను. బళ్ళో మేడం చేతులెత్తించింది ఒక్కరోజు. నేను మూడు నెలల పైన కొట్టించాను.

అయిపోయిందా? సంతోషమా? ఇప్పుడు నా మాట వినండి.

దాన్ని తీసుకుపోతారా? మీరా?

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. "నా దగ్గరుంచి చదివిస్తానన్నయ్యా" అని మా నాన్నకి చెప్పి నన్ను నాగాయలంక తీసుకెళ్ళారు. నాయనమ్మకి పక్షవాతం. మీరు ఎనిమిదిన్నరకి గొడుగేసుకుని బడికి. నేను ఇంట్లో. ఆవిడ పక్క మార్చడం, తుడవడం, గంజి పట్టడం. వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. నలభై ఐదు కిలోల మనిషిని ముప్పై ఐదు కిలోల నేను తిప్పేదాన్ని. ఆ రెండేళ్ళూ మీ బడిలో నా హాజరు ఎంతో గుర్తుందా? తొంభై శాతం పైన! రిజిస్టరు ఎవరి చేతిలో ఉండేది? ఇంట్లో గంజి పడుతున్న పిల్లకి బడిలో రోజూ హాజరు వేసింది ఎవరు?

పది ఫెయిలైతే మా నాన్నతో ఏమన్నారు? "దీనికి బుర్ర లేదన్నయ్యా, పెళ్ళి చేసెయ్" అన్నారు. నాన్న నమ్మాడు. ఆయన సంగతి వదిలెయ్యండి, నేనూ నమ్మాను. పదేళ్ళు! ఎవరైనా కాగితం ఇస్తే చదవకుండానే పక్కవాళ్ళకి అందించేదాన్ని.

నేను తప్పు చేశాను. ఒప్పుకుంటున్నాను, ఈ డాక్టరు గుమ్మంలో కూర్చుని. కానీ ఆ తప్పు నాకు మీ ఇంట్లోనే అబ్బింది. మీరు మాత్రం నా గుమ్మం ఎక్కొద్దు.

భవిత

—

నాగాయలంక,
అక్టోబరు 31.

భవితకి,

హాజరు నేనే వేశాను.

సాకులు చెప్పుకోవాలని ఈ వారంలో మూడు కాగితాలు రాసి చింపాను. అమ్మని వదల్లేను, ఉద్యోగం మానలేను, మనిషిని పెట్టుకుంటే ఎవరూ నెల నిలిచేవాళ్ళు కాదు. అన్నీ నిజమే. కానీ నువ్వు చేతికి అందావు, వాడుకున్నాను. అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

నీకు బుర్ర లేదని అన్నది నీ గురించి కాదు. నీకు బుర్ర ఉందంటే మరి ఎందుకు ఫెయిలైందని అడుగుతారు. అందుకన్నాను. మీ నాన్న పోయేదాకా ఆయనకి చెప్పలేదు. ఇప్పుడు నీకు చెప్తున్నాను, ఆలస్యంగా.

నేను రాను. తీసుకుపోతాననే హక్కు నాకు లేదు. హాస్టలు మాటా ఎత్తను.

ఒకటే అడుగుతాను. జవాబు రాయకపోయినా సరే. ఆ రెండేళ్ళలో నీకేం కావాలని నేను నిన్ను ఒక్కరోజూ అడగలేదు. మేడం అక్షితని చేతులెత్తమంది. నువ్వు బడి మానమన్నావు. నేను పరీక్ష రాయమన్నాను. దాన్ని ఎవరం అడిగాం?

రాజ్యలక్ష్మి

—

మచిలీపట్నం,
నవంబరు 14.

అత్తా,

నీ ఉత్తరం పొయ్యిలో పెడదామని రెండుసార్లు లేచాను. పెట్టలేదు. క్షమించానని అనుకోకు. నాకింకా కోపం పోలేదు, పోతుందని మాటా ఇవ్వను.

బెంగుళూరు ఆవిడకి ఫోన్ చేసి సగమే ఇవ్వగలనన్నాను. చేతిపని అంటే ఆలస్యమవుతుందని వాళ్ళకి అర్థమవుతుందట, చాలా గౌరవమట, కానీ సీజను ఆగదట. మొత్తం వద్దంది. "మీ పాప ఎలా ఉందండీ, ఆ ఫోటో మా షాపు గోడ మీద పెట్టుకున్నాం" అని కూడా అంది. "తీసెయ్యండి" అన్నాను. "అయ్యో, ఎందుకండీ?" అంది. "అది నా కూతురండీ, మీ బోర్డు కాదు. ఇవాళే తీసెయ్యండి" అని ఫోన్ పెట్టేశాను. ఇక ఆ వైపు నుంచి పని రాదు. రాకపోనీ. నేనూ శాంతీ ఇద్దరం కొట్టగలిగిందే కొడతాం. అమ్ముడైనంత అమ్ముడవుతుంది.

విక్రమ్ వచ్చి పిల్ల కట్టు చూసి దాని వేళ్ళు ఒక్కొక్కటీ ముట్టి చూశాడు. తర్వాత "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు. "నువ్వెప్పుడున్నావు చెప్పడానికి?" అన్నాను. పెద్ద గొడవైంది. గిన్నెలు కూడా ఎగిరాయి. ఇప్పుడు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే చెరువులకి వెళ్ళొస్తున్నాడు. కాలవ దగ్గరికి మూట తనే మోస్తున్నాడు, మొహం ముడుచుకుని.

నువ్వడిగిన దానికి వస్తాను. అడిగాను. ఎంత కష్టమో తెలుసా? మూడు రోజులు నోట్లో నానబెట్టుకుని అడిగాను.

"నీకేం కావాలే?" అన్నాను.

"నిజం చెప్తే తిడతావా?"

"తిట్టను."

"ఇప్పుడే తిట్టేటట్టున్నావు."

"తిట్టనన్నానా! చెప్పు."

నా మొహం చదివింది కాసేపు.

"బడికి వెళ్తావా? ఆ బడి కాదు, మున్సిపల్ బడి" అన్నాను.

"వద్దు."

"చెయ్యి తగ్గాక నాతో పాటు పని నేర్చుకుంటావా? కొంచెమే, సరదాకి?"

"వద్దు."

"నాగాయలంక అమ్మమ్మ దగ్గరికి?"

"వద్దు. అక్కడ పరీక్షలు."

"మరేం చేస్తావే తల్లీ?"

"ఊరికే ఉంటాను."

"ఊరికే అంటే?"

"ఊరికే అంటే ఊరికే. అది కూడా తెలీదా నీకు?"

"ఎన్నాళ్ళు?"

"ఏమో. నాకు బాగుండే దాకా."

ఒళ్ళు మండిపోయిందత్తా! పద్నాలుగేళ్ళప్పుడు నేను ఒక ముసలావిడని పక్కకి తిప్పడానికి బలం చాలుతుందో లేదో అని భయపడేదాన్ని. నాకెవరిచ్చారు ఊరికే ఉండే రోజు? నీకెవరిచ్చారు? అరవబోయాను. అది కట్టు కట్టిన చెయ్యిని రెండో చేత్తో గుండెకి పొదువుకుంది. దెబ్బ పడుతుందనుకుంది. నేను దాన్ని ఎన్నడూ కొట్టలేదు. అయినా అనుకుంది.

"సరే" అన్నాను.

ఇవాళ ఏడో రోజు. గుమ్మంలో కూర్చుని పక్కింటి కోళ్ళని చూస్తోంది. ఒక్క పుస్తకం ముట్టలేదు. బల్ల వైపు రాలేదు. గంటకోసారి నా నోటిదాకా వస్తుంది, "ఒక్క ఎక్కం చెప్పవే" అని. పళ్ళు బిగించి ఆ కోపం గుడ్డ మీద చూపిస్తున్నాను. "అక్కా, బల్ల విరిగితే కొత్తది ఎవరిస్తారు?" అంది శాంతి.

ఎంతకాలమో తెలీదు. ఆ తర్వాత ఏ బడో, ఏ చదువో అది చెప్తుంది, అప్పుడు చూద్దాం. ఈ నెల పేపరు పంపకు.

గుమ్మం ఎక్కొద్దన్నాను. ఎక్కు. సంచీలో పుస్తకం కనపడితే మాత్రం అదే బస్సులో వెనక్కి పంపిస్తాను. వచ్చి దాని పక్కన కూర్చో. ఏం చేస్తున్నావని అడగకు, ఏమీ నేర్పకు. నేను రోజూ ప్రయత్నిస్తున్నాను, ఐదు నిమిషాలు కూడా కూర్చోలేకపోతున్నాను.

భవిత